ఓడలో ఫార్మల్ నైట్, మావయ్యగారి జరీ పంచె

మా అత్తయ్యగారూ మావయ్యగారూ తెనాలి నుంచి అమెరికాలో మా ఇంటికి వస్తూ నాలుగు సూట్‌కేసులు తెచ్చారు. ఒకదాని నిండా పొడులూ పచ్చళ్లూ, మిగతా మూడింట్లో బట్టలు. "ఓడ ఎక్కిస్తామన్నారుగా, అక్కడేం కట్టుకోవాలో తెలీక అన్నీ సర్దేశానమ్మా" అన్నారు అత్తయ్యగారు. ఆవిడ అమాయకత్వానికి నేను లోపల్లోపల నవ్వుకున్నాను. తీరా ఓడెక్కాక చూస్తే, ఏం కట్టుకోవాలో తెలియంది నాకే.

సియాటిల్ నుంచి ఏడు రాత్రుల అలాస్కా క్రూజ్ అది. జూన్ నెల. జూనో, స్కాగ్‌వే, కెచికన్, చివర్లో కెనడాలోని విక్టోరియా. మేం ముగ్గురం, వాళ్లిద్దరూ. ఇక్కడి మనవాళ్లలో ఊరి నుంచి పెద్దవాళ్లు వస్తే అలాస్కా క్రూజ్ వేయించడం ఇప్పుడు ఆనవాయితీ అయిపోయింది. నడక తక్కువ, పెట్టెలు విప్పి మళ్లీ కట్టే పని లేదు, గది కిటికీలోంచే మంచుకొండలు. ఒక్క మాట ముందే చెప్తాను. వేరే దేశాల్లో రిజిస్టరైన ఓడలు అమెరికాలో ఎక్కించుకున్నవాళ్లని మధ్యలో ఒక విదేశీ రేవు తాకకుండా మళ్లీ అమెరికాలో దింపకూడదని 1886 నాటి చట్టం ఒకటుంది. అందుకే సియాటిల్ ఓడలన్నీ విక్టోరియా లాంటి కెనడా ఊళ్లో కొన్ని గంటలైనా ఆగుతాయి. అందువల్ల ఇండియా పాస్‌పోర్టు మీద వచ్చే పెద్దవాళ్లకి కెనడా వీసా కూడా కావాలి. దీన్ని ఆఖరి నిమిషంలో తెలుసుకున్న కుటుంబాలు నాకు రెండు తెలుసు.

ఇక అసలు సంగతి. బుకింగ్ కాగితాల్లో ఒక మూల "రెండు ఫార్మల్ నైట్లు" అని ఉంది. అంటే ఆ రెండు రాత్రులు పెద్ద డైనింగ్ హాల్లో భోంచెయ్యాలంటే మగవాళ్లు సూటో, బో టైతో వేసుకునే నల్ల టక్సీడో కోటో, ఆడవాళ్లు గౌనో మంచి డ్రెస్సో వేసుకుని రావాలి. దీనికి ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టుకుంది. ప్రిన్సెస్ వాళ్లు ఫార్మల్ అంటారు, కార్నివాల్ వాళ్లు ఎలిగెంట్ అంటారు, సెలెబ్రిటీ వాళ్లకి అది చిక్ నైట్. నార్వేజియన్‌లో ఆ గొడవే లేదు, ఏ రోజైనా మామూలు బట్టలు చాలు. అన్నిటికన్నా పట్టింపు క్యూనార్డ్‌ది. వాళ్ల క్వీన్ మేరీ 2 ఓడ మీద అట్లాంటిక్ దాటేటప్పుడు, గాలా నైట్లని వాళ్లు పిలిచే ఫార్మల్ రాత్రుల్లో సూటు, టై లేకుండా మగవాళ్లు చాలాచోట్లకి పోవడానికి లేదు. మా ఓడ ఈ రెండు కొసలకీ మధ్యలో ఎక్కడో ఉంది. వద్దనుకున్నవాళ్లు పైన బఫేకి పోయి జీన్స్‌లో హాయిగా తినొచ్చు, ఎవరూ ఏమీ అనరు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకుంటే సగం టెన్షన్ పోతుంది.

నేను మాత్రం గుర్తుపెట్టుకోలేదు. నూట నలభై డాలర్లు పోసి నేలదాకా జీరాడే నల్ల గౌను ఒకటి కొన్నాను. మా ఆయన బీరువాలోంచి రిసెప్షన్ సూటు తీశాడు. మన మగవాళ్లలో చాలామందికి జన్మకో సూటు, అది పెళ్లి రిసెప్షన్‌కి కుట్టించిందే. పన్నెండేళ్ల తర్వాత దాని గుండీ పెట్టుకోవాలంటే ఊపిరి బిగబట్టాలి. గుండీ తీసి వేసుకుంటే స్టైలుగా ఉంటుందని నచ్చజెప్పి పెట్టెలో పెట్టించాను. మావయ్యగారికి కూడా ఒకటి అద్దెకి తెద్దామంటే ఆయన ఒప్పుకోలేదు. "నేను పెళ్లికే సూటు వెయ్యలేదు, భోజనానికి వేస్తానా?" అన్నారు. ఓడ కంపెనీకి ఫోన్ చేసి అడిగితే, ఎవరి దేశపు సంప్రదాయ దుస్తులు వాళ్లు వేసుకోవచ్చు, అభ్యంతరం లేదన్నారు. అలా జరీ అంచు పంచె, తెల్ల లాల్చీ, కండువా పెట్టెలోకి ఎక్కాయి.

సామాను ఎక్స్‌రే దగ్గర మొదటి దెబ్బ తగిలింది. చీరలకీ పంచెకీ అని నేను పెట్టిన చిన్న ఆవిరి ఇస్త్రీ పెట్టెని పక్కకి తీసి, రసీదు రాసిచ్చి, దిగేరోజు తీసుకోమన్నారు. నిప్పు భయంతో దాదాపు ఏ కంపెనీ ఓడలోనూ గదుల్లోకి ఇస్త్రీ పెట్టె, స్టీమర్ రానివ్వరట. ప్రిన్సెస్, క్యూనార్డ్ ఓడల్లో మనమే ఉతుక్కుని ఇస్త్రీ చేసుకునే లాండ్రీ గదులుంటాయి. చాలా ఓడల్లో అవీ ఉండవు, మాదీ అలాంటిదే. బట్టకింత అని తీసుకుని వాళ్లే చేసిపెడతారు. మా ఆయన షర్టు ఇచ్చాం. సాయంత్రం ఐదింటికల్లా ఇస్తామన్నది ఆరున్నర దాటాక వచ్చింది. ఈలోగా అత్తయ్యగారు పంచెని నాలుగు మడతలు పెట్టి, అరచేత్తో సాపు చేసి, మావయ్యగారి పరుపు కింద పెట్టేశారు. రాత్రంతా ఆయన దాని మీదే పడుకున్నారు. పొద్దున తీసి చూస్తే అంచు కత్తిలా ఉంది. "హాస్టల్లో ఉన్నప్పుడు ఇదే మా ఇస్త్రీ" అన్నారు మావయ్యగారు. పైసా ఖర్చు లేదు, లాండ్రీ షర్టు కంటే ముందే తయారు.

గదుల సంగతి టూకీగా చెప్తాను. పెద్దవాళ్లకి బాల్కనీ గది తీసుకున్నాం, ఎదురుగా మాకు కిటికీ లేని లోపలి గది. అలాస్కాకి బాల్కనీ డబ్బు దండగ కాదు. గ్లేషియర్ దగ్గర ఓడ నిలిచినరోజు మావయ్యగారు శాలువా కప్పుకుని రెండు గంటలు అక్కడినుంచి కదల్లేదు. లోపలి గదిలో మాకు పొద్దు, రాత్రి తేడా తెలీలేదు, నిద్ర మాత్రం బాగా పట్టింది. బీరువాలో హ్యాంగర్లు చాలవు. గోడలు ఇనుప రేకువి, కాబట్టి అయస్కాంతం కొక్కేలు నాలుగు పట్టుకెళ్లండి. కండువా నుంచి రెయిన్ కోటు దాకా మావన్నీ వాటికే వేలాడాయి. స్నానాల గదిలో చీర కట్టుకోవడం అసాధ్యం. అత్తయ్యగారు మంచానికీ బాల్కనీ తలుపుకీ మధ్య నిలబడి కుచ్చిళ్లు పోసుకుంటుంటే, మేమంతా బయట నడవలో.

మొదటి ఫార్మల్ నైట్ ప్రయాణంలో రెండోరోజే వచ్చింది. మొదటిరోజు ఎప్పుడూ పెట్టరు, ఎందుకంటే పెట్టెలు గదికి చేరేసరికే సాయంత్రమవుతుంది. ఆఖరిరోజూ పెట్టరు, అప్పటికి పెట్టెలు సర్దేసి ఉంటాయి. ఎక్కడా ఆగకుండా ఓడ రోజంతా నీళ్ల మీదే ఉన్నరోజు పెడితే తయారవడానికి జనానికి తీరిక ఉంటుంది. లెక్క బాగానే ఉంది. కానీ సియాటిల్ అలాస్కా దారిలో రెండోరోజంటే వాంకూవర్ ద్వీపం అవతల పసిఫిక్ మీద. అంటే ఆ వారంలో ఓడ ఎక్కువగా ఊగే అవకాశం ఉన్నరోజన్నమాట. బరువైన కంచి పట్టుచీర కట్టుకుని, మెళ్లో కాసులపేరు వేసుకుని, అత్తయ్యగారు లిఫ్టు దాకా వచ్చి గోడ పట్టుకుని నిలబడిపోయారు. కళ్లు తిరుగుతున్నాయన్నారు. రిసెప్షన్‌లో ఇచ్చిన పుల్లటి ఆకుపచ్చ ఆపిల్ వద్దన్నారు. ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లో నిమ్మకాయ ఉంది. అది వాసన చూసుకుంటూ పావుగంట సోఫాలో కూర్చుని, "చీర కట్టుకున్నాక వెనక్కెళ్లేది లేదు, పదండి" అన్నారు.

డైనింగ్ హాలు గుమ్మం దగ్గర ఇంకో ఆటంకం. అక్కడున్న కుర్రాడు పంచె చూశాడు, నవ్వాడు. చూపు కిందికి దిగింది. మావయ్యగారి కాళ్లకి తోలు చెప్పులు. షార్ట్స్, టోపీలు, రబ్బరు చెప్పులు కూడదని బోర్డు ఉంది. ఇవి రబ్బరువి కావని నేను ఇంగ్లీషులో వాదన మొదలుపెట్టేలోపు, లోపల్నుంచి హెడ్ వెయిటర్ వచ్చాడు. గోవా ఆయన. మావయ్యగారికి నమస్తే పెట్టి, ఆ కుర్రాడితో "పంచె కిందకి బూట్లు వెయ్యరు" అని సర్దిచెప్పి లోపలికి తీసుకెళ్లాడు. మీ ఇంట్లో పంచె కట్టేవాళ్లుంటే వెనక పట్టీ ఉన్న తోలు చెప్పులు పెట్టుకోమనండి, ఈ తంటా ఉండదు.

లోపల నిజంగా టక్సీడోలు వేసుకున్నది పదిమందిలో ఒకరో ఇద్దరో. ఎక్కువమంది కోటూ టై, కొందరు ఉత్త షర్టు. మా పక్క టేబుల్ ముసలి దంపతులు అత్తయ్యగారి చీర జరీ గురించి అడిగారు. అది ఎంత పొడవుంటుంది, కుట్టకుండా ఎలా నిలుస్తుంది అని. ఆవిడ కుచ్చిళ్ల పిన్ను చూపించి మరీ చెప్పారు. నా గౌను గురించి ఎవరూ అడగలేదు. పైగా ఏసీ చలికి చేతులు లేని గౌనులో వణికిపోయి, చివరికి మా ఆయన కోటు నేను కప్పుకున్నాను. గుండీ బాధ తప్పిందని ఆయన సంతోషించాడు.

భోజనం విషయంలో ఓడకి మంచి మార్కులే వేస్తాను. ఆ రాత్రి మెనూలో గొప్ప వంటకం లాబ్‌స్టర్. మాలో ముగ్గురు శాకాహారులు. ముందురోజు రాత్రే చెబితే ఇండియన్ వెజ్ వండిపెడతామని హెడ్ వెయిటర్ చెప్పాడు. అప్పట్నుంచి రోజూ పప్పు, కూర, అన్నం, రోటీ విడిగా వచ్చేవి. పప్పు ఉత్తరాది రుచే, కారం తక్కువ, కానీ వేడిగా ఉండేది. ఇది మెనూ కార్డులో కనపడదు, నోరు తెరిచి అడగాలి. సర్వీసుకి టిప్పులు వేరే. చాలా కంపెనీలు మనిషికి రోజుకి 16 నుంచి 20 డాలర్ల దాకా ఖాతాలో వాటంతటవే వేస్తాయి. ఐదుగురికి ఏడురోజులంటే అది చిన్న మొత్తం కాదు, బడ్జెట్‌లో ముందే కలుపుకోండి.

నాకు నచ్చనిది ఫొటోల వ్యాపారం. ఫార్మల్ నైట్ అనగానే మెట్ల దగ్గరా, లాబీలోనూ తెరలు కట్టి, లైట్లు పెట్టి, వచ్చేపోయేవాళ్లని ఆపి తీస్తూనే ఉంటారు. తీయించుకుంటే పైసా లేదు. ప్రింటు కావాలంటేనే ఇరవై డాలర్ల పైమాట. అత్తయ్యగారు మనసులోనే రూపాయల్లోకి మార్చి, "ఆ డబ్బుకి మన స్టూడియోలో ఇల్లంతా ఫొటోలు పెట్టుకోవచ్చు" అని తేల్చేశారు. ఫోన్‌లో నేను తీసినవే మిగిలాయి.

మధ్యలో ఊళ్లన్నిట్లో రెయిన్ జాకెట్లే మా ఫార్మల్ బట్టలు. కెచికన్‌లో రోజంతా వాన. స్కాగ్‌వేలో బంగారం వేట రోజుల్లో వేసిన వైట్ పాస్ రైలు టిక్కెట్టు బాగా ఖరీదే, అయినా పెద్దవాళ్లకి అంతకంటే సుఖమైన మార్గం లేదు. జూనోలో మెండెన్‌హాల్ గ్లేషియర్ దాకా షటిల్ బస్సు చాలు, పెద్ద టూర్ అక్కర్లేదు.

రెండో ఫార్మల్ నైట్‌కి నేను గౌను ముట్టుకోలేదు. అత్తయ్యగారు తన ఉప్పాడ చీర ఇచ్చారు. చేతిలో పెడితే బరువే తెలియదు, మడిస్తే గుప్పెడంత. ఆవిడా ఈసారి తేలికపాటి చీరే కట్టారు. జాకెట్టు దగ్గర మాత్రం ఇరుక్కుపోయాం, ఆవిడది నాకు పట్టదు. చివరికి చలికని తెచ్చుకున్న పొడుగు చేతుల నల్ల టీషర్టు మీద కట్టేశాను. చలీ వెయ్యలేదు, ఫ్యాషన్ అనుకుని ఇద్దరు మెచ్చుకున్నారు కూడా. ఎనిమిది గంటలకి హాల్లోకి వెళ్తే బయటింకా పట్టపగలే. అక్కడ జూన్‌లో రాత్రి పదింటి దాకా వెలుతురుంటుంది. కిటికీల్లోంచి ఏటవాలుగా పడ్డ ఎండకి జరీ మెరుస్తుంటే, చీరకి ఏ లైట్లూ అక్కర్లేదనిపించింది.

భోజనాల చివర్లో లైట్లు తగ్గించి, వెయిటర్లంతా వరసగా పాటలు పాడుతూ నడుస్తారు. కూర్చున్నవాళ్లు నాప్‌కిన్లు గాల్లో తిప్పాలి. మా అబ్బాయి తిప్పాడు, మా ఆయన మొహమాటపడ్డాడు. మావయ్యగారు ఒకసారి చుట్టూ చూసి, భుజం మీది కండువా తీసి గిరగిరా తిప్పారు. ఆ గోవా హెడ్ వెయిటర్ మా టేబుల్ దగ్గర ఆగి ఇంకో రౌండు పాడించాడు.

ఆఖరి రాత్రి పెట్టెలు సర్ది, పదిన్నరకల్లా గది బయట పెట్టాలి. పొద్దున అవి కింద కస్టమ్స్ హాల్లో మాత్రమే మళ్లీ కనిపిస్తాయి. రేపు వేసుకునే బట్టలు ఉంచుకోండని నేను రెండుసార్లు చెప్పాను. అత్తయ్యగారు తనవి ఉంచుకున్నారు. మావయ్యగారివి ప్యాంట్లతో సహా అన్నీ సర్ది బయట పెట్టేశారు. గదిలో మిగిలింది కొక్కేనికి వేలాడుతున్న జరీ పంచె ఒక్కటే. పొద్దున ఏడున్నరకి, జీన్సూ హుడీలూ వేసుకున్న వేలమంది మధ్య, మా మావయ్యగారు జరీ పంచె మీద నీలం రెయిన్ జాకెట్టు తొడుక్కుని పెట్టెల కోసం లైన్లో నిలబడ్డారు. అక్కడ మటుకు ఆయన చెప్పుల వంక ఎవరూ చూడలేదు.