జాగ్రత్త: ‘జీ2, క్లీన్ లైన్’ అన్న మాట నమ్మి తోడేలును కొనకండి

హైదరాబాద్‌లో ఉంటూ ఆన్‌లైన్‌లో తోడేళ్ళ గుంపును పెంచే ఆట ఆడుతున్న తెలుగువారికి ఈ హెచ్చరిక. గత నెలలో నేను ఒక నల్లని ఆడ తోడేలును 1,500 రూపాయలకు కొని మోసపోయాను. అమ్మినవారి పేరు ఇక్కడ రాయడం లేదు. వారు వాడిన మాటలను ఎలా తిప్పారో తెలిస్తే, అవే మాటలు ఎవరి నోట విన్నా మీరు ఆగి చూసుకోగలరు.

‘జీ2, క్లీన్ లైన్, తొలి ఈతకు సిద్ధం’ అని ప్రకటనలో ఉంది. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ వెళ్ళే మెట్రోలో నిలబడి, ఫోన్‌లో తల్లిదండ్రుల పేర్ల వరకే చూసి, ఇంకెవరైనా ముందుగా తీసుకుంటారేమోనన్న తొందరలో యూపీఐలో డబ్బు పంపేశాను. రాత్రి ఇంటికి చేరి కంప్యూటర్‌లో వంశవృక్షం మొత్తం తెరిచాక అసలు సంగతి బయటపడింది.

మన ఆటగాళ్ళ వాడుకలో జీ1 అంటే తల్లిదండ్రులెవరో నమోదు లేని, మొదటి తరం తోడేలు. రెండు జీ1లకు పుట్టినది జీ2. తల్లిదండ్రుల తరాలు వేరైనప్పుడు, ఇద్దరిలో పెద్ద అంకెకు ఒకటి కలపాలి. నేను కొన్న తోడేలు తల్లి జీ1, తండ్రి జీ4 కనుక అది జీ5 అవుతుంది. అమ్మినవారు తల్లి వైపు నుంచి మాత్రమే లెక్కపెట్టి జీ2 అని రాశారు.

అంతకంటే నష్టం చేసిన మాట ‘క్లీన్’. వంశవృక్షంలో ఒకే పేరు రెండు చోట్ల రాకూడదన్నదే ఆ మాటకు మా ఆటగాళ్ళందరూ చెప్పుకునే అర్థం. ఈ తోడేలు తండ్రి వైపు తాతకూ నాయనమ్మకూ తండ్రి ఒకటే, ఒకప్పుడు అందరూ ఎగబడి వాడుకున్న ఒక స్టడ్, అంటే పిల్లల కోసం జతకట్టించే మగ తోడేలు. అంటే దీని తండ్రి సవతి అన్నాచెల్లెళ్ళ సంతానం. 1922లో సూయల్ రైట్ అనే జన్యుశాస్త్రవేత్త ఇచ్చిన అంతఃప్రజనన గుణకం (ఒకే పూర్వీకుడి జన్యువు తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ బిడ్డకు వచ్చే అవకాశం) ప్రకారం అది 12.5 శాతం. మన వరసల్లో చెప్పాలంటే, మేనమామకూ మేనకోడలికీ పుట్టిన బిడ్డకు వచ్చే అంకె అదే. తల్లికి ఈ వంశంతో సంబంధం లేదు కాబట్టి నా తోడేలుకు సొంతంగా ఆ దోషం రాలేదు, ఆ మాట న్యాయంగా ఒప్పుకోవాలి. అయితే నా గుంపులోని ప్రధాన మగ తోడేలు కూడా ఆ స్టడ్ కొడుకే. ఈ రెండింటినీ జతకట్టిస్తే పిల్లలకు 6.25 శాతం వస్తుంది, అంటే మేనత్త, మేనమామ పిల్లలు పెళ్ళాడితే పుట్టే బిడ్డలతో సమానం. ఏ జత కోసం కొన్నానో ఆ జతే కుదరకుండా పోయింది, ఒకవేళ కలిపినా ఒకే పేరు మూడు చోట్ల కనిపించే పిల్లలను ఎవరూ కొనరు.

ఈ పట్టింపు ఆటగాళ్ళు ఊరికే పెట్టుకున్నది కాదు. అమెరికాలో సుపీరియర్ సరస్సులోని ఐల్ రాయల్ దీవిలో దగ్గరి బంధువులే జతకట్టడం వల్ల తోడేళ్ళకు వెన్నెముక లోపాలు వచ్చాయి. 2016 నాటికి అక్కడ రెండే మిగిలితే, 2018 నుంచి బయటి తోడేళ్ళు 19 తెచ్చి వదలాల్సి వచ్చింది.

అమ్మినవారిని అడిగితే, రంగు మార్చే వస్తువులు వాడని తోడేలునే తాము క్లీన్ అంటామని బదులిచ్చి, ఆ తర్వాత నన్ను బ్లాక్ చేశారు. నేను ఆడే ఆటలో నిజమైన డబ్బుతో బయట అమ్మకాలు నిషిద్ధం కాబట్టి నిర్వాహకులు తోడేలును వెనక్కి మార్చలేమన్నారు, నియమం మీరినందుకు నన్నూ మందలించారు, ఆ తప్పు నాదే. సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కి ఫిర్యాదు చేశాను. ఆట లోపలి నాణేలతోనే కొనండి, ప్రకటన, సంభాషణల స్క్రీన్‌షాట్లు డబ్బు పంపకముందే తీసి ఉంచుకోండి. నా దగ్గర యూపీఐ రసీదు తప్ప మరేమీ మిగలలేదు.

ఈ వారం నేను కొన్న తోడేలు తండ్రికే పుట్టిన మూడు ఆడ పిల్లలు మళ్ళీ ‘జీ2, క్లీన్’ అన్న ప్రకటనతో అమ్మకానికి వచ్చాయి. కొనాలనుకునేవారు తండ్రి పేరు దగ్గర ఆగిపోకుండా, ఆ తండ్రిని కన్న ఇద్దరికీ తండ్రి ఎవరో తెరిచి చూడండి.