కాప్టన్ టేపుపై లేజర్ గ్రాఫీన్: మూడేళ్ల వాడకం తర్వాత

అక్రిలిక్ పలకలు కోయడానికి కొన్న 40 వాట్ల కార్బన్ డయాక్సైడ్ లేజర్ యంత్రాన్ని మూడేళ్లుగా కాప్టన్ టేపు (వేడిని తట్టుకునే పాలీఇమైడ్ ప్లాస్టిక్ టేపు) మీద గ్రాఫీన్, అంటే కరెంటు పారే కార్బన్ పొర, గీయడానికే ఎక్కువగా వాడుతున్నాను. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ టూర్ బృందం 2014లో ప్రకటించిన పద్ధతి ఇది. 10.6 మైక్రోమీటర్ల పరారుణ కిరణం తగిలిన చోట పాలీఇమైడ్ ఒక్కసారిగా వేడెక్కి, అందులోని ఆక్సిజన్, నైట్రోజన్ చాలావరకు వాయువులుగా బయటికి తన్నుకుపోతాయి. మిగిలిన కార్బన్ గ్రాఫీన్‌గా కుదురుకుంటుంది, వాయువులు పోయిన దారులు రంధ్రాలుగా నిలిచిపోతాయి. కొలిమితో, శూన్యపు గదితో పని లేదు.

గీయడం తేలికే, నిన్న గీసినట్టే ఇవాళ గీయడమే కష్టం. ఒక మే నెలలో పొద్దున నిగనిగలాడే నల్లటి గీతలు ఇచ్చిన సెట్టింగులే మధ్యాహ్నానికి గోధుమరంగు మరకలు మిగిల్చాయి, మల్టీమీటరు ముళ్లు ఆనిస్తే కరెంటు పారనే లేదు. తప్పంతా టేపుదేనని రెండు రోజులు తిట్టుకున్నాక, లేజర్ ట్యూబును చల్లబరిచే బకెట్టు నీళ్లలో చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలాయి. ట్యూబు వేడెక్కితే లేజర్ బలం తగ్గిపోతుంది. కొన్నాళ్లు ఐసు సీసాలతో నెట్టుకొచ్చి, చివరికి చిల్లర్ (నీళ్లను చల్లబరిచే యంత్రం) కొన్నాము. ఈ పనికి యంత్రం కొనదలచినవారు చిల్లర్ ధరను కూడా అందులోనే కలుపుకోవాలి.

రెండో చిక్కు ఫోకస్. టేపు కింద కందిగింజంత గాలిబుడగ ఉన్నా అక్కడ గీత రంగు మారుతుంది. అందుకే గాజు పలకను స్పిరిటుతో తుడిచి, పాత ఏటీఎం కార్డు అంచుతో నొక్కుతూ అతికిస్తాను. పవర్ ఎక్కువైతే పొర మసిలా లేచిపోతుంది. సరిగా వచ్చిన పొర కూడా గోటితో గీకితే ఊడుతుంది కనుక, ఈ గీతలతో చేసి, వేలి వంపును పసిగట్టడానికి కణుపు మీద అతికించే సెన్సారుకు పైన సిలికోన్ పూత తప్పనిసరి.

కొబ్బరిచిప్ప మీద కూడా గీసి చూశాను. కరెంటు పారింది గాని, ఒక్కోచోట ఒక్కో నిరోధం వచ్చింది. సరదాకు బాగుంటుంది, కొలతలకు పనికిరాదు.

పొగను బయటికి పంపే ఫ్యాను లేకుండా యంత్రం ఆన్ చేయకూడదు. ఒకసారి ఒక విద్యార్థి ఫ్లెక్సీ ముక్క తెచ్చి దీని మీద గీద్దామన్నాడు. అది పీవీసీ, కాల్చితే వెలువడే హైడ్రోజన్ క్లోరైడ్ ఊపిరితిత్తులతో పాటు యంత్రం పట్టాలనూ తినేస్తుంది. ఆ ముక్కను అప్పుడే చెత్తబుట్టలో వేయించాను.