నెల్లూరు, ఒంగోలుల్లో అమ్ముతున్న మాట్స్-సి కిట్: పెట్టెలో ఏముంది, ఏం లేదు

పెట్టె చూడ్డానికి బాగుంది. నల్లటి అట్ట, లోపల స్పాంజిలో కూర్చిన 10 మిల్లీగ్రాముల తెల్లపొడి వయల్, బ్యాక్టీరియోస్టాటిక్ నీళ్ల (సూక్ష్మజీవులు పెరగకుండా మందు కలిపిన నీళ్ల) సీసా, ఇన్సులిన్ సిరంజీలు, స్పిరిట్ స్వాబ్‌లు, ల్యాబ్ సర్టిఫికెట్ జిరాక్సు ఒకటి. షుగరు దిగుతుంది, పొట్ట కరుగుతుంది, స్టామినా పెరుగుతుంది అంటూ కొన్ని జిమ్‌లు, వెల్‌నెస్ సెంటర్ల ద్వారా చేతులు మారుతోంది. నెల్లూరు పొగతోటలో మందుల షాపులన్నీ తిరిగినా ఇది కౌంటర్ మీదకు రాదు. ఎందుకు రాదో వయల్ మీదే చిన్న అక్షరాల్లో ఉంది: పరిశోధనకు మాత్రమే, మనుషులకు వాడరాదు.

పదార్థం మాత్రం బూటకం కాదు. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా సొంత డీఎన్‌ఏలో, 12ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏ జన్యువులో దాగి ఉన్న 16 అమైనో ఆమ్లాల పెప్టైడ్, అంటే ప్రొటీన్ లాంటి చిన్న గొలుసు, ఈ మాట్స్-సి. సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చాంగ్‌హాన్ లీ, పింకస్ కోహెన్ బృందం 2015లో దీన్ని బయటపెట్టింది. కణంలో ఫోలేట్ చక్రాన్ని నెమ్మదింపజేసి, ఏఐసీఏఆర్ అనే పదార్థం పోగయ్యేలా చేసి, కణంలో శక్తి వాడకాన్ని సరిచూసే ఏఎంపీకే అనే ఎంజైమును మేల్కొలుపుతుంది. కొవ్వు మేత పెట్టినా ఎలుకలు లావెక్కలేదు, వాటిలో ఇన్సులిన్ బాగా పనిచేసింది. 2021 అధ్యయనంలో ముసలి ఎలుకలు ట్రెడ్‌మిల్ మీద ఎక్కువసేపు పరుగెత్తాయి. అదే పేపర్లో ఉన్న ఇంకో సంగతి అమ్మేవాళ్ల నోట రాదు: మనిషి గట్టిగా సైకిల్ తొక్కితే చాలు, కండరంలో ఈ పెప్టైడ్ దానంతటదే పెరుగుతుంది.

ఆ ముసలి ఎలుకలకు ఇచ్చింది కిలో బరువుకు 15 మిల్లీగ్రాములు. ఎలుక మోతాదును మనిషికి మార్చేటప్పుడు మామూలుగా 12.3తో భాగిస్తారు. ఆ లెక్కన 70 కిలోల మనిషికి దాదాపు 85 మిల్లీగ్రాములు. కిట్ కాగితంలో రాసింది ఒక్కో సూదికి ఒక మిల్లీగ్రాము. అంత ఎక్కించుకోమని అనడం లేదు. ఎలుకల ఫలితం చూపించి ఈ చుక్క అమ్మడానికి మధ్య లంకె లేదని మాత్రమే. మనుషుల్లో ఏ మోతాదు సరైనదో తేల్చిన ట్రయల్ లేదు. దీన్ని కాస్త మార్చి చేసిన సీబీ4211 అనే మందును కోబార్ కంపెనీ కాలేయంలో కొవ్వున్నవాళ్ల మీద నాలుగు వారాలు పరీక్షించింది. సూది గుచ్చిన చోట ఇబ్బందులు రావడంతో ఆ ట్రయల్ మధ్యలో కొంతకాలం ఆగింది కూడా. ఆ మందు మార్కెట్ దాకా రాలేదు.

ఇక సర్టిఫికెట్. ‘శుద్ధత 99 శాతం’ అన్న గీతను చూపించే అమ్ముతున్నారు. ఆ అంకె తేల్చే హెచ్‌పీఎల్‌సీ అనే ల్యాబ్ పరీక్ష చెప్పేది పొడిలో ఉన్న పెప్టైడ్ పదార్థంలో అసలుది ఎంత అని. సీసాలో 10 మిల్లీగ్రాములూ ఉన్నాయా, అందులో ఉప్పు, తేమ ఎంత అన్నది వేరే పరీక్ష. అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రమ్ గ్రాఫ్‌లో అణుభారం 2174 దగ్గర కనిపించాలి. ఇందులో మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాలు రెండున్నాయి, గాలి తగిలితే ఆక్సీకరణ చెందుతాయి. అప్పుడు 16 ఎక్కువగా, 2190 దగ్గర ఇంకో శిఖరం లేస్తుంది. జిరాక్సులో ఆ గ్రాఫే లేదు. అంతకంటే ముఖ్యమైనవి రెండు: ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా విషం), స్టెరిలిటీ (సూక్ష్మజీవులు లేకపోవడం). శుద్ధత ఎంతున్నా బ్యాక్టీరియా విషం మిగిలితే చలిజ్వరం రావచ్చు. ఆ రెండు పరీక్షల ఊసే లేదు. సర్టిఫికెట్ బ్యాచ్ నంబరుకూ వయల్ నంబరుకూ పొంతన లేదు. రోగాలు పట్టే పీసీఆర్ పరీక్ష రిపోర్టు చూడకుండా హ్యాచరీ రొయ్య సీడును గుంటలో వదలని జిల్లాలో, ఈ కాగితం నమ్మి ఒంట్లోకి ఎక్కించుకోవడం విడ్డూరమే.

అన్నిటికన్నా ప్రమాదం సిరంజీతో. కాగితం చెప్పేది 2 ఎంఎల్ నీళ్లు కలిపి ‘20 యూనిట్లు’ తీసుకోమని. 10 మిల్లీగ్రాములు 2 ఎంఎల్‌లో కరిగితే ఎంఎల్‌కు 5 మిల్లీగ్రాములు. యూ-100 సిరంజీలో 20 యూనిట్లంటే 0.2 ఎంఎల్, ఒక మిల్లీగ్రాము. మన మందుల షాపుల్లో ఎక్కువగా దొరికేది ఎర్ర మూత యూ-40. అందులో 20 యూనిట్లంటే 0.5 ఎంఎల్, అంటే రెండున్నర రెట్లు. కిట్ సిరంజీలు అయిపోయి బయట కొనుక్కున్నవాళ్లకు తెలియకుండానే మోతాదు మారిపోతుంది. మూత రంగు చూసి ఊరుకోకూడదు, సిరంజీ గొట్టం మీద 40 అనుందో 100 అనుందో చదవాలి. ఈ ముక్క కాగితంలో ఎక్కడా లేదు.

నిల్వ సంగతి: పొడి వేడికి కొన్నాళ్లు తట్టుకుంటుంది, తేమకు తట్టుకోదు. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే మూత కదిపితే సముద్రపు గాలికి లోపల చెమ్మ పడుతుంది. బిళ్లలా ఉండాల్సిన పొడి ముద్దై అడుగున అంటుకుని ఉంటే చెడిందనే అర్థం. జెల్ ప్యాక్ పెట్టి పంపడం ఒక్కటే ఈ కిట్‌లో మెచ్చుకోదగ్గ పని.

కబడ్డీ, అథ్లెటిక్స్ ఆడే పిల్లలు అసలు తాకకూడదు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా నిషేధ జాబితాలో ఏఎంపీకే ప్రేరకాల వరుసలో మాట్స్-సి పేరుతో సహా ఉంది. గ్లిమిపిరైడ్ అనే షుగరు మాత్ర, ఇన్సులిన్ వాడే షుగరు పేషెంట్లకు తోడుగా ఇస్తే చక్కెర పడిపోయే అవకాశం ఉంది. కిట్‌లో ఆ హెచ్చరిక లేదు. ‘మైటోకాండ్రియా పెప్టైడ్‌కు అమెరికా అనుమతి వచ్చేసింది’ అని కొందరు చెబుతున్నది ఎలామిప్రెటైడ్ గురించి. అది వేరే అణువు, 2025 సెప్టెంబరులో బార్త్ సిండ్రోమ్ అనే అరుదైన జబ్బుకు అనుమతి పొందింది. దీనికి సంబంధం లేదు.

5కి 1 మార్కు, అదీ జెల్ ప్యాక్‌కు. షుగరే బాధైతే ఇదే ఏఎంపీకే దారిలో కొంతవరకు పనిచేసే మెట్‌ఫార్మిన్ డాక్టరు చీటీతో ఏ షాపులోనైనా చౌకగా దొరుకుతుంది. ఇప్పటికే సూది వేసుకుని ఎర్రబారడం, గడ్డ, జ్వరం కనిపిస్తే వయల్ పారేయకండి. బ్యాచ్ నంబరు ఫోటో తీసి, సీసాతో సహా డాక్టరు దగ్గరకు వెళ్లండి. మందుల దుష్ప్రభావాల జాతీయ ఉచిత నంబరు 1800-180-3024కు కూడా చెప్పండి.