ఎర్రనల్లికి గంధకం మందు: ఐదుకు నాలుగు స్టార్లు

పాకాల దగ్గర బోరు కింద వేసిన రబీ వేరుశనగలో ఆకు రసం పీల్చే సన్న పురుగు ఎర్రనల్లికి 80 శాతం గంధకం వాడాను. ఏ కంపెనీదని అడక్కండి, లోపలున్నది ఒకటే. కాకపోతే పొడి రకం వద్దు. సంచి విప్పగానే కళ్ళు మండుతాయి, నాజిల్ మాటిమాటికీ పట్టేస్తుంది. డబ్ల్యూడీజీ అని రాసుండే సన్న గుళికల రకం తీసుకోండి.

శివరాత్రి దాటి ఎండ ముదిరాక మట్టిరోడ్డు పక్క సాళ్ళలో ఆకులు పాలిపోయాయి. పైపైన చూస్తే ఇనుప ధాతు లోపం అనుకుంటాం. ఆకు కింద తెల్లకాగితం పెట్టి తడితే బండారం బయటపడింది. పెన్ను చుక్కంత ఎర్రటివి కాగితం మీద నడుస్తున్నాయి. వేలితో రుద్దితే ఎర్రచార.

మందుల అంగట్లో సింథటిక్ పైరిథ్రాయిడ్ రకం పురుగుమందు తీసి, "అన్నిటికీ ఇదే పనిచేస్తుందన్నా" అన్నారు. అన్నిటికీ అన్నారంటేనే నాకు అనుమానం. అలాంటి మందులు చాలావాటికి నల్లి లొంగదు, దాన్ని తినే అక్షింతల పురుగులు మాత్రం చస్తాయి. పక్క చేనాయన అదే కొట్టాడు. తర్వాత చూస్తే కొమ్మల కొసలన్నీ సాలెగూడులా నల్లి బూజు అల్లేసి ఉన్నాయి.

గంధకం లీటరుకు 3 గ్రాములు, ఎకరాకు 200 లీటర్ల నీళ్ళు. నీళ్ళు తగ్గిస్తే డబ్బు దండగే, ఇది ఆకులోకి ఇంకే మందు కాదు. నల్లి ఉండేదేమో ఆకు అడుగున. నాజిల్ పైకి తిప్పి, వంగి కొట్టాల్సిందే. కూలికొచ్చిన మామ సగం చేనుకే "ఇంక చాల్లే అల్లుడా, నడుము పట్టేసింది" అన్నాడు. పని చల్లబొద్దున గానీ సాయంత్రం గానీ పెట్టుకోండి, మంచి ఎండలో కొడితే ఆకు మాడుతుంది. వేపనూనెతో కలపొద్దు, రెండింటి మధ్య కనీసం రెండు వారాలు ఎడం ఉండాలి.

కొత్త చిగుర్లు శుభ్రంగా వచ్చాయి. గుడ్లు మాత్రం దీనికి చావవు, వారం పది రోజులకు ఇంకోసారి కొట్టక తప్పదు. తిక్క ఆకుమచ్చ తెగులు కూడా కొంత అదుపులో ఉండటం లాభం. బూజు కట్టిందాకా ఆగితే గంధకం చాలదు, ప్రొపర్‌గైట్ అనే నల్లి మందు లీటరుకు 2 మిల్లీలీటర్లు వాడుకోవాలి, ఖర్చు ఎక్కువే. పెద్దవాళ్ళు అడిగే పాత నల్లి మందు డైకోఫాల్‌ను 2023లో నిషేధించారు, ఎవరైనా పాత డబ్బా ఇచ్చినా పుచ్చుకోకండి.

ఒక స్టారు ఎందుకు కోశానంటే, కలిపేటప్పుడు బకెట్ అందించిన మా ఆవిడ వెండి మెట్టెలు నల్లబడ్డాయి. ఆ సంగతి సంచి మీద ఎక్కడా రాయలేదు, ఇంట్లో మాటలు పడింది నేను.