వేపనూనె 1500 పిపిఎం: లూసర్న్ మడిలో కొట్టి చూశాను, 5కి 3 స్టార్లు

సంక్రాంతికి పది రోజుల ముందు వరసగా మబ్బులు పట్టాయి, యూరియా కూడా నేనే కాస్త చెయ్యి జారి ఎక్కువ చల్లాను, ఇంకేముంది, లూసర్న్ మడి నిండా నల్ల పేనుబంక (మొక్క రసం పీల్చే చిన్న పురుగు). మోపు ఎత్తితే చేతులు బెల్లం పాకంలో ముంచినట్టు జిగురు. గేదెలు తినే మేత కదా, ఘాటు మందు కొట్టి పాలల్లోకి పోతుందేమోనన్న టెన్షన్ ఎందుకని ఈ లీటరు డబ్బా తెచ్చుకున్నాను.

లీటరు నీటికి 5 మి.లీ. లెక్కన 16 లీటర్ల పంపుకి 80 మి.లీ. పోసి సాయంత్రం కొట్టాను (ఇందులో పురుగు మీద పనిచేసేది అజాడిరాక్టిన్, 1500 పిపిఎం అన్నది దాని మోతాదే, ఎండకి అది చెడిపోతుంది, మిట్టమధ్యాహ్నం కొట్టి పనిచేయలేదనకండి). మర్నాడు పురుగులు ఎక్కడివక్కడే, డబ్బు దండగ అనుకున్నాను. ఇది పడగానే చంపే మందు కాదు, పురుగు తిండి మానేలా చేస్తుంది, పిల్లపురుగులు కుబుసం విడవకుండా అడ్డుపడుతుంది. ఐదో రోజుకి చిగుళ్ల మీద పలచబడ్డాయి. పేనుబంకని తినే అక్షింతల పురుగులు మాత్రం హాయిగా తిరుగుతూనే ఉన్నాయి, అది నచ్చింది.

తిట్టాల్సింది ఒకటే. నూనె నీళ్లలో కలవక పైన తెట్టులా తేలి, మొదటి పంపుకే నాజిల్ మూసుకుపోయింది. డబ్బా మీద ఆ ముక్కే లేదు! కుంకుడు రసం పోశాక తెల్లగా కలిసింది.

అయితే పోయిన రసాన్ని ఏ మందూ తిరిగి తేలేదు. ఆకు వండిన చక్కెర వేళ్లకి దిగే గొట్టాల్లోకే పేనుబంక సూదిలాంటి మూతి దించుతుంది. ఆ రసంలో చక్కెర బోలెడు, దానికి కావలసిన నత్రజని కొంచెమే, అందుకే ఆగకుండా తాగి మిగిలిన తీపి వెనకనుంచి వదిలేస్తుంది. మన చేతికి అంటుకునే జిగురు అదే, దానిమీదే నల్ల బూజు పట్టి ఆకుకి వెలుతురు అందదు. నేను ఎక్కువేసిన యూరియా ఆ నత్రజని ఎరువే, వాటికి విందు భోజనం. లూసర్న్ కోశాక మళ్లీ చిగురేసేది వేళ్లలో దాచుకున్న పిండిపదార్థంతోనే కదా, ఆ దాపుడు సొమ్మే తరిగిపోయింది. ఎప్పుడూ 25-30 రోజులకి కోతకొచ్చే మడి, పచ్చగా కనబడుతూనే 40 రోజులైనా మోకాలెత్తు దాటలేదు. అది డబ్బా తప్పు కాదు, ఆలస్యంగా లేచిన నాదే.

మళ్లీ కొంటాను, కానీ చిగుళ్లలో నాలుగు కనబడగానే కొడతాను. కోత దగ్గరపడ్డాక మడంతా పట్టేస్తే మాత్రం మందు జోలికి పోకుండా కోసేయడమే మేలు. మా గేదెలు బూజు పట్టిన మోపు వాసన చూసి మొహం తిప్పేశాయి, తొట్లో కడిగి వేస్తే తిన్నాయి.