హాఫ్ ఇంజిన్ తర్వాత నా స్ప్లెండర్: పిస్టన్ కంటే రోలరే నచ్చింది

హాఫ్ ఇంజిన్, అంటే క్రాంక్ జోలికి పోకుండా ఇంజిన్ పై భాగం వరకే విప్పి చేసే రిపేరు అనగానే అందరూ పిస్టన్, రింగుల గురించే చెప్తారు. ఇంజిన్ లోపల వాల్వులను నడిపే టైమింగ్ చైన్‌ను ఆనుకుని తిరిగే రబ్బరు రోలరు ఊసే ఎవరూ ఎత్తరు. నా 2008 మోడల్ హీరో హోండా స్ప్లెండర్‌కు ఆ పని చేయించి రెండేళ్లు దాటింది. పెట్టిన ఖర్చంతటిలో నాకు ఎక్కువ తృప్తినిచ్చింది ఆ రోలరే.

మిర్యాలగూడ నుంచి నిడమనూరు మీదుగా హాలియాకు రోజూ తిరిగే బండి ఇది. వడ్ల సీజన్ వస్తే రైసు మిల్లుల ఊక దుమ్ములోంచే పోవాలి. పోనుపోను సైలెన్సర్ నుంచి నీలం పొగ, డిప్‌స్టిక్ తీసి చూసిన ప్రతిసారీ ఆయిల్ తక్కువ. ఊళ్లోనే పని చేయించాను. లేత్ షాపులో బోరును, అంటే పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడను, 0.25 సైజుకు రీబోర్ చేశారు. పిస్టన్, రింగులు, వాల్వ్ సీల్స్, టైమింగ్ చైన్ అన్నీ కొత్తవి వేశారు. పొగ పూర్తిగా ఆగిపోయింది, పికప్ తిరిగొచ్చింది. కొత్త బండిలా ఉందని కనిపించిన వాళ్లందరికీ చెప్పాను.

అయితే ఇంజిన్‌కు ఎడమ పక్క గరగర మాత్రం పోలేదు. యాక్సిలరేటర్ వదిలితే ఇంకా ఎక్కువయ్యేది. అది ట్యాపెట్ల (వాల్వుల దగ్గరి గ్యాప్) చప్పుడేనని మెకానిక్ రెండుసార్లు సెట్ చేశాడు, ఫలితం లేదు. చైన్ కొత్తదే కదా, ఎందుకీ మోత అని దారి పొడవునా టెన్షన్. చివరికి నల్లగొండలో మరో మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించి విని, హెడ్ విప్పాల్సిందే అన్నాడు.

విప్పి చూస్తే చైన్ కొత్తది, రోలర్లు పాతవి. "గిది జూడన్నా, గోరు దిగుతలేదు" అంటూ గైడ్ రోలరు నా చేతిలో పెట్టాడు. ఏళ్ల తరబడి వేడికి మాగి రాయిలా అయింది, అంచు మీద చైన్ లింకుల గాట్లు. చైన్‌ను బిగించి ఉంచే టెన్షనర్ పుష్ రాడ్ కొసన ఉండాల్సిన రబ్బరు సగమే మిగిలింది. తక్కిన ముక్కలు ఆయిల్‌ను వడకట్టే జాలీలో దొరికాయి. నాకు భయమేసింది అక్కడే. జాలీ మూసుకుపోతే హెడ్‌కు ఆయిల్ అందదు, కొత్తగా పెట్టిన ఖర్చంతా బూడిదే.

రోలరు, టెన్షనర్ ఆర్మ్, పుష్ రాడ్, స్ప్రింగు అన్నీ కలిపి ఐదు వందలు కూడా కాలేదు. హెడ్ గ్యాస్కెట్, లేబర్ మాత్రం రెండోసారి కట్టాల్సి వచ్చింది. మొదటిసారి విప్పినప్పుడే వేసి ఉంటే ఆ డబ్బు మిగిలేదన్న కోపం నాకింకా పోలేదు. బిగించాక టెన్షనర్ బోల్టు తీసి లోపల కాస్త ఆయిల్ పోశాడు. స్ప్రింగుతో పాటు ఆ ఆయిల్ ఆసరాతో పుష్ రాడ్ చైన్‌ను బిగువుగా పట్టి ఉంచుతుందట. కిక్ కొడితే ఎడమ పక్క ఏ మోతా లేదు. ఐడిలింగ్‌లో సైలెన్సర్ చప్పుడు ఒక్కటే వినిపిస్తుంటే అక్కడే చాలాసేపు నిలబడ్డాను.

ఇప్పటికీ అంతే నిశ్శబ్దమా అంటే, దాదాపు. చలికాలం పొద్దున స్టార్ట్ చేయగానే కొద్దిసేపు గలగలమంటుంది, ఇంజిన్ వేడెక్కితే సర్దుకుంటుంది. పికప్ కూడా మొదట్లో నేను పొగిడినంత లేదు, క్లచ్ ప్లేట్లు అప్పుడే మార్చి ఉండాల్సింది. మైలేజీలో పెద్ద తేడా ఏమీ రాలేదు.

నా బండికి క్రాంక్ బేరింగు, కనెక్టింగ్ రాడ్ బాగుండటం వల్ల హాఫ్ ఇంజిన్‌తో సరిపోయింది. పైగా నేనొక్కడినే పోతాను, రోడ్డు కూడా చాలావరకు చదునే. రెండు పక్కలా పాల క్యాన్లు కట్టుకుని తిరిగే బండికి ఇదే పని ఇన్నాళ్లు ఆగుతుందో లేదో నేను చెప్పలేను.