పిప్‌ఎక్స్: కొన్నేళ్ల వాడకం తరువాత

లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ 12 విడుదలైన 2023 నుంచి, అందులోని సిస్టమ్ పైథాన్‌లోకి, పైథాన్ ప్యాకేజీలను అమర్చే పిప్‌తో నేరుగా ఏదైనా ఎక్కించబోతే ‘ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్’ అనే ఎర్రర్ వస్తుంది. దీన్ని చాలామంది విసుక్కుంటారు గాని, డెబియన్ సొంత ప్యాకేజీ సాధనమైన ఆప్ట్ అమర్చిన ప్యాకేజీల జోలికి పిప్ పోకుండా పెట్టిన కాపలా ఇది. వైటీ-డీఎల్‌పీ (వీడియోలు దించేది), బ్లాక్ (పైథాన్ కోడ్‌ను చక్కదిద్దేది) వంటి కమాండ్లను ఏ ప్రాజెక్టుతోనూ ముడిపెట్టకుండా ఎప్పుడూ అందుబాటులో ఉంచుకోవడానికి నేను పైథాన్ ప్రోగ్రామ్‌లను విడివిడిగా అమర్చే పిప్‌ఎక్స్ వాడుతున్నాను.

ఇది ఒక్కో ప్రోగ్రామ్‌కు ఒక్కో వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (సొంత పైథాన్, లైబ్రరీలు ఉండే విడి ఫోల్డర్) కట్టి, కమాండ్‌కు మాత్రం హోమ్ ఫోల్డర్‌లోని లోకల్ బిన్‌లో ఒక లింకు పెడుతుంది. ఆ కమాండ్ ఫైలును ఎడిటర్‌లో తెరిస్తే, మొదటి వరుసలోనే దాని సొంత ఎన్విరాన్‌మెంట్‌లోని పైథాన్ పూర్తి చిరునామా కనిపిస్తుంది. అందువల్ల నేను ఏ ప్రాజెక్టును యాక్టివేట్ చేసి ఉన్నా బ్లాక్ తన లైబ్రరీలతోనే నడుస్తుంది. ఆప్ట్ ద్వారా వచ్చిన స్క్రిప్టుల మొదటి వరుసలోనూ సాధారణంగా సిస్టమ్ పైథాన్ చిరునామాయే నేరుగా ఉంటుంది కాబట్టి వాటికీ ఇబ్బంది లేదు. చిక్కంతా ‘ఎన్వ్ పైథాన్3’ అని మొదలయ్యే స్క్రిప్టులతోనే: అవి పాత్‌లో (కమాండ్లను వెతికే ఫోల్డర్ల జాబితాలో) ముందు దొరికిన పైథాన్‌ను పట్టుకుంటాయి, అక్కడ తమకు కావలసిన మాడ్యూల్ లేకపోతే ఆగిపోతాయి. మనం రాసుకున్న స్క్రిప్టులలో ఆ వరుసను సరిచూసుకునే పని పిప్‌ఎక్స్ చేసిపెట్టదు.

లోపాలు లేకపోలేదు. ఉబుంటు 22.04 నుంచి 24.04కు మారినప్పుడు పైథాన్ 3.10 పోయి 3.12 రావడంతో, పాత ఎన్విరాన్‌మెంట్లు ఆధారం తప్పి నా కమాండ్లన్నీ ఒక్కసారిగా మూగబోయాయి. పిప్‌ఎక్స్‌లోని ‘రీఇన్‌స్టాల్-ఆల్’ నడిపితే అన్నీ తిరిగి లేచాయి గాని, ఆ సంగతి ముందుగా తెలియని వారు సిస్టమే పాడైందనుకునే ప్రమాదం ఉంది. ఒకే లైబ్రరీ పలుచోట్ల చేరడం వల్ల డిస్కు కొంత ఎక్కువ ఖర్చవుతుంది; అన్సిబుల్ (సర్వర్లను నిర్వహించేది) వంటి పెద్ద ప్రోగ్రామ్ ఉంటే అది కంటికి కనిపించేంత అవుతుంది. అన్సిబుల్‌కు అదనపు లైబ్రరీ కావలసి వస్తే పిప్‌ఎక్స్‌లోని ‘ఇంజెక్ట్’తో దాని ఎన్విరాన్‌మెంట్‌లోకి చేర్చాలి, పిప్‌తో విడిగా వేసినది దానికి కనిపించదు.

కమాండ్ ఏదీ ఇవ్వని లైబ్రరీలను పిప్‌ఎక్స్ అసలు తీసుకోదు. వాటికి ప్రాజెక్టు ఫోల్డర్‌లో వెన్వ్ (ఆ ప్రాజెక్టు సొంత వర్చువల్ ఎన్విరాన్‌మెంట్) పెట్టుకోవలసిందే. పిప్‌ఎక్స్ చేసే పనిని యూవీ అనే మరో సాధనం మరింత వేగంగా చేస్తుంది. అయినా ఆప్ట్‌లోనే సులువుగా దొరుకుతుంది కాబట్టి నా సర్వర్లలో పిప్‌ఎక్స్‌నే కొనసాగిస్తున్నాను.